టెన్ కాదు, తెన్

సిరీ అని కాస్త గట్టిగా పిలిస్తే బస్సులో పక్క సీటువాళ్ళ ఫోను పలుకుతుంది గాని పిల్ల పలకదు. వేల్స్ దేశంలోని కార్డిఫ్ వచ్చిన కొత్తలో నీలిమకి అది నవ్వొచ్చే సంగతి. తెనాలికి ఫోన్ చేసినప్పుడల్లా చెప్పి నవ్వించేది కూడా. ఈమధ్య చెప్పడం మానేసింది.

సిరికి నాలుగేళ్ళు. తెనాలిలో ఉన్నన్నాళ్ళూ నిద్దట్లో కూడా వాగేది. ఇక్కడ నర్సరీలో వేసి ఐదు నెలలైంది, ఇంతవరకూ అక్కడ ఒక్క మాట మాట్లాడలేదు. కావలసింది వేలు పెట్టి చూపిస్తుంది, వద్దనుకుంటే తల తిప్పేసుకుంటుంది. చెవులు పరీక్ష చేయించారు, చెవులు భేషుగ్గా ఉన్నాయన్నారు. నర్సరీ టీచరు మిస్ బెథన్ మంచి మనిషి. "కంగారు పడకండి, ఇలాంటి పిల్లలు ఉంటారు. వచ్చే నెలాఖరు గురువారం కూర్చుని మాట్లాడుకుందాం, ఏం చెయ్యాలో అప్పుడు చూద్దాం" అని ఒక కాగితం ఇచ్చింది. అందులో 'ఇక్కడ పలికిన మాటలు' అనే చోట సున్నా వేసి ఉంది. మిగతా ఇంగ్లీషు సగమే అర్థమైనా సున్నా మాత్రం పూర్తిగా అర్థమైంది నీలిమకి.

ఆ సున్నా తనకే వేశారనిపించింది. ఇంటర్ రెండో ఏడు పరీక్షల ముందు అమ్మకి ఆపరేషనైతే పుస్తకాలు మూసి వంటింట్లోకి వెళ్ళింది, మళ్ళీ తెరిచేలోపు పెళ్ళయింది. తను చదవని చదువు ఇప్పుడు పిల్ల నోటికి అడ్డం పడిందేమోనని భయం. గురువారం ఆ టీచరు ఎదురుగా కూర్చుని ఏం చెప్పాలి, ఏ భాషలో చెప్పాలి?

కింద ఫ్లాట్ ప్రభావతి ఆంటీ ఇరవయ్యేళ్ళ నించి ఈ దేశంలో ఉన్నావిడ. ఆవిడ చిటికెలో తేల్చేసింది.

"ఇంట్లో తెలుగు మానెయ్ అమ్మాయ్. పిల్ల బుర్రలో రెండు భాషలు గుద్దుకుంటున్నాయి. మా వాడికి నేనట్లాగే చేశా."

"మరి మీ అబ్బాయికి తెలుగొచ్చా ఆంటీ?"

"ఎందుకు రాదూ. ఆవకాయ అంటాడుగా."

నీలిమ భర్త క్రాంతి కూడా సరేనన్నాడు. అతనికేం, ఆఫీసులో పగలంతా మాట్లాడే భాషే ఇంటికొచ్చి పిల్లతో గడగడా మాట్లాడేవాడు. నీలిమకి ఎదుటివాళ్ళ ఇంగ్లీషు అర్థమవుతుంది గాని తన నోటికి తిరిగేవి పొట్టి మాటలే. ఈట్. కమ్. సిట్. నో. స్లీప్. ఒకరోజు తన గొంతు తనకే వినబడి ఉలిక్కిపడింది. కుక్కపిల్లకి నేర్పుతున్నట్టుంది. కథ చెబుదామని నోరు తెరిస్తే రాజుగారి ఏడు చేపలు ఇంగ్లీషులో ఎండడం లేదు. కథ మానేసింది. నెల తిరిగేసరికి ఇల్లు మూగబోయింది. సిరి ఇంట్లో కూడా వేలితో చూపించడం మొదలుపెట్టింది.

అట్లాంటి ఒక శనివారం పొద్దున కార్డిఫ్ తెలుగు ఆడవాళ్ళ గ్రూపులో వర్షిత మెసేజ్ పెట్టింది. వర్షిత ఇక్కడ మాస్టర్స్ చదువుతూ, వారానికి రెండు రోజులు లైబ్రరీలో పని చేస్తుంది. పదకొండింటికి లైబ్రరీలో కోటో ఉంది, పిల్లలకి ఫ్రీ, తల్లులు తోడుండాలి అని రాసింది. గ్రూపులో అందరూ ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాస్తారు. అట్లా రాసేటప్పుడు ఉకారమా ఓకారమా అని ఎవరూ పట్టించుకోరు. నీలిమ దాన్ని 'కోటు ఉంది' అని చదువుకుంది. ఫిబ్రవరి నెల. సిరి కోటు చేతులు మణికట్టు దాటి పైకి పోయాయి. తల్లులు తోడుండాలంటే మరి సైజు చూడ్డానికే కదా.

"ఏవండీ, లైబ్రరీలో పిల్లలకి కోట్లు ఇస్తున్నారంట."

క్రాంతి లాప్‌టాప్ మీంచి తలెత్తలేదు. "లైబ్రరీలో కోట్లేంటే?"

"ఏమో. ఇచ్చేవాళ్ళుంటే మనకెందుకు?"

"ఐదేళ్ళ సైజు అడుగు. మళ్ళీ చలికాలానికి కూడా వస్తుంది."

లైబ్రరీ మేడ మీద హాల్లో మనిషి నిలువంత పొడుగున్న చెక్కలు ఏడెనిమిది, కాళ్ళున్న బల్లల మీద వరసగా పరిచి ఉన్నాయి. కోట్లకి ఇస్త్రీ కూడా చేసిస్తారు కాబోలని ముచ్చటేసింది నీలిమకి. దగ్గరికెళ్ళి చూస్తే చెక్కల మీద తీగలున్నాయి.

"వచ్చారా అక్కా. మంచిపని చేశారు, ఇంకొక్క చోటే మిగిలింది" అంది వర్షిత పేర్లు రాసుకుంటూ.

"కోట్లు ఎక్కడ పెట్టారు?"

"ఇవే."

"ఇవి కోట్లేంటి వర్షితా?"

వర్షిత ఒక క్షణం చూసి, సంగతి అర్థమై, పేర్ల కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని కూలబడింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "కోటు కాదక్కా, కోటో. జపాన్ వాళ్ళ వాద్యం. పాతకాలం సంగీతం, ఇప్పటి సంగీతం రెండూ వినిపించి, పిల్లలతో కూడా వాయిస్తారు."

నీలిమకి చెవులు వేడెక్కాయి. హాల్లో అందరూ తెల్లవాళ్ళు, ఒకళ్ళో ఇద్దరో చైనా వాళ్ళు. వాయించాలంటే ఏదో అడుగుతారు, దానికి జవాబు చెప్పాలి. "మేం ఇంకోసారి వస్తాంలే" అని సిరి చెయ్యి పట్టుకుని తలుపు వైపు తిరిగింది.

అప్పుడే ముందు వాద్యం దగ్గర ఒక చిన్నపాటి మనిషి లేచి నిలబడింది. అరవై ఏళ్ళుంటాయి, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. పేరు మియుకి అనీ, ముప్పయ్యేళ్ళ నించి వేల్స్‌లోనే ఉంటున్నాననీ చెప్పి, వాద్యం మీద చెయ్యి వేసి, "ఇది కోతో" అంది.

సిరి తల్లి కొంగులాంటి స్కార్ఫు పట్టి లాగింది. నీలిమ వంగితే చెవిలో గుసగుసగా అడిగింది.

"కోతా?"

నాలుగు వారాల తర్వాత పిల్ల నోట తెలుగు మాట. నీలిమకి నియమం గుర్తురాలేదు.

"కోతి కాదు తల్లీ. కోతో."

"కోతి ఎక్కడుందీ?"

"కోతి లేదమ్మా. దాని పేరే అంత."

ఇంకో మాట వస్తుందేమోనన్న ఆశతో వెళ్ళి చివరి వాద్యం దగ్గర కూర్చుంది. సిరి ఒళ్ళోకి ఎక్కింది.

మియుకి బొటనవేలికీ పక్క రెండు వేళ్ళకీ గోళ్ళు తొడుక్కుంది. తెల్లటి, పలకలాంటి గోళ్ళు. ముందు మూడొందల ఏళ్ళనాటి పాట ఒకటి వాయిస్తానంది. మొదటి తీగ మీటి, అది పూర్తిగా చల్లారేదాకా ఆగింది. రెండోది మీటి మళ్ళీ ఆగింది. హడావిడి లేదు. కుడిచేత్తో మీటిన తీగనే ఎడమచేత్తో ఇవతల నొక్కితే స్వరం కింద నించి పైకి మెల్లగా జారింది. నీలిమకి రాగాల పేర్లు తెలియవు. కాని ఆ జారడం తెలుసు. మధ్యాహ్నం పూట వీధిలో ఎవరో ఎవర్నో పిలిచి, చివర అచ్చు సాగదీసి వదిలితే అట్లాగే ఉంటుంది. ఐదు నెలల నించి బిగబట్టిన భుజాలు తనకి తెలియకుండానే దిగాయి.

పాట అయ్యాక మియుకి పిల్లల్ని దగ్గరికి రమ్మంది. దీన్ని మేము డ్రాగన్ అనుకుంటాం, ఇది తల, ఇది తోక, పదమూడు తీగలు దాని వీపు మీద అని చూపించింది. ప్రతి తీగ కిందా కాళ్ళు చాచి నిలబడ్డ చిన్న మెట్టు ఉంది. దాన్ని అటూ ఇటూ జరిపితే శ్రుతి మారుతుందట. సిరి దిగి వెళ్ళలేదు గాని, తమ ముందున్న డ్రాగన్ తోకని ఒక వేలితో నిమిరింది.

"మా గురువు కాగితం ఇచ్చేవారు కాదు" అంది మియుకి. "ముందు నోటితో పాడాలి, తర్వాతే చెయ్యి. ఒక్కో మీటుకి ఒక్కో మాట. తెన్. తొన్. రెండు తీగలు కలిపితే షాన్. మూడు వరసగా జారితే కొరోరిన్. ఈ రోజుకి తొన్ అంటే ఐదో తీగ, తెన్ అంటే ఏడో తీగ అనుకుందాం. నేను పాడతాను, మీరు మీటండి."

తీగల పక్కన అంకెల చీటీలు అంటించి ఉన్నాయి. నీలిమ సిరి బొటనవేలికి గోరు తొడిగింది, వదులైతే కింద కాస్త ప్లాస్టరు చుట్టింది. పిల్ల చెయ్యి తన చేతిలో పెట్టుకుంది.

"తొన్" అంది మియుకి. అందరూ ఐదో తీగ మీటారు.

"తొన్." బాగుంది.

"తెన్."

హాలంతా పదో తీగ మోగింది. ఒక్క చివరి వాద్యం దగ్గర మాత్రం, సన్నగా, ఏడోది మోగింది.

మియుకి ఆగింది. మళ్ళీ "తెన్" అంది. మళ్ళీ అందరిదీ పది, చివర్న ఒక్కటే ఏడు.

"ఏడో తీగ మీటింది ఎవరు?"

తమ తీగేనని నీలిమకి తెలుసు. చేసింది తప్పే అయ్యుంటుంది. ఇంతమంది చదువుకున్నవాళ్ళు పది మీటితే తను ఏడు మీటడమేంటి. పిల్ల చేతిని గబుక్కున ఒళ్ళోకి లాక్కుంది. కాని వాళ్ళ తీగ ఇంకా సన్నగా ఊగుతూనే ఉంది. అందరూ ఇటే తిరిగారు.

మియుకి నడుచుకుంటూ వచ్చి, నీలిమ ముందు నిలబడి, నడుం వంచి నమస్కారం పెట్టింది.

"ముప్పయ్యేళ్ళలో మొదటిసారి. ఏడో తీగని ముందే చెప్పినా, నేను తెన్ అంటే ఈ దేశంలో ప్రతివాళ్ళూ పదో తీగ మీదికే వెళ్తారు, ఇంగ్లీషులో పది కదా. మీకెట్లా తెలిసింది?"

తెలియడమేముంది. వినబడింది. ఆవిడ అన్నది తెనాలిలో తె, పది అయితే టెలిఫోనులో టె. రెంటికీ ఎక్కడా పొంతనే లేదు. ఇంతమందికి ఎందుకు వినబడలేదో అది అర్థం కాలేదు నీలిమకి. కాని ఇదంతా ఇంగ్లీషులో ఎట్లా చెప్పడం?

"మేడమ్... యువర్ టీ... నాట్ దట్ టీ" అంది. అది చాలదనిపించి మళ్ళీ అంది. "మా భాషలో రెండు టీలు ఉన్నాయి."

పక్క వాద్యం దగ్గర మనవరాలితో వచ్చిన పెద్దాయన, తెల్లగడ్డం, రగ్బీ చొక్కా, తీరిగ్గా అన్నాడు. "రెండు టీలా? నాకు పాలు పోసింది ఇప్పించండి."

హాలు గొల్లుమంది. నీలిమ కూడా నవ్వింది. నవ్వాక గొంతు తెరుచుకుంది. నాలుకని పళ్ళకి ఆనించి 'త' అని చూపించింది, పైకి మడిచి 'ట' అని చూపించింది. మియుకి చప్పట్లు కొట్టి, అదే, అదే, మా కోతోలో ఉన్నది కూడా ఆ మొదటి టీయే, ఇక్కడివాళ్ళు కోటో అంటారు, నేను దిద్దడం ఎప్పుడో మానేశాను అంది.

పెద్దాయన పేరు గ్లిన్. ఆయన పట్టుదలగా ప్రయత్నించాడు. "టెన్." తల అడ్డంగా ఊపుకున్నాడు. "ఠెన్."

"నాట్ టెన్."

ఎవరన్నారో నీలిమకి ముందు తెలియలేదు. మాట తన గడ్డం కింద నించి వచ్చింది.

"నాట్ టెన్" అంది సిరి, నర్సరీ పిల్లల యాసతో, గ్లిన్ మొహంలోకి సూటిగా చూస్తూ. "తెన్."

"థెన్?" అన్నాడు గ్లిన్.

సిరికి ఓపిక నశించింది. ఒళ్ళోంచి జారి దిగి ఆయన ముందుకెళ్ళి నోరు బార్లా తెరిచి నాలుక చూపించింది. ఇంక ఇంగ్లీషుతో పని జరగదని తేల్చుకున్నట్టుంది. "నాలిక పళ్ళకి పెట్టాలి తాతా. పైకి కాదు. అమ్మా, ఆయనకి వినబట్టల్లేదు, నువ్వు చెప్పు."

నీలిమ చెప్పింది. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, వెనకా ముందూ చూసుకోకుండా, వచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. "షీ సే, టంగ్ టచ్ టీత్. నాట్ అప్."

గ్లిన్ టంగు టీతుకి టచ్ చేశాడు. ఐదోసారికి వచ్చింది. "తెన్."

"ఆఁ. ఇప్పుడు వాయించు" అని అనుమతి ఇచ్చింది సిరి.

ఆ తర్వాత మియుకి శిష్యురాలు కారిస్ లేచింది. పచ్చరంగు వేసిన జుట్టు, చేతి నిండా పచ్చబొట్లు. ఇప్పటి కోతో అంటే ఇట్లా ఉంటుందని, పదిహేడు తీగల పెద్ద వాద్యం ముందు నిలబడింది. అది మీటితే కింద చెక్క నేల అదిరింది. ఆ అమ్మాయి తీగల్ని గిల్లింది, అరచేత్తో చరిచింది, చెక్క మీద దరువేసింది, చిన్న కర్రతో గీరింది. రైలొచ్చినట్టు, వానొచ్చినట్టు, మధ్యలో ఎవరో మెట్లు దిగినట్టు. తర్వాత ఆ దరువు ఆపకుండానే, మీరంతా నేర్చుకున్నవి దీని మీద పాడుతూ వాయించండి అంది. మొదట రెండు వరసలు తొన్ తెన్, తర్వాత షాన్, తర్వాత కొరోరిన్.

హాలంతా పాడింది. తెన్‌లు కొన్ని టెన్‌లుగానే ఉన్నాయి, అయినా ఎవరూ పదో తీగ జోలికి పోలేదు. సిరి పాడింది. పాడటం కాదు, అరిచింది. కొరోరిన్ దగ్గర నవ్వుకి మాట విరిగిపోయేది. అది కోతి కితకితలు పెడితే వచ్చే శబ్దమని వాళ్ళమ్మకి చెప్పింది. ఎందుకట్లా అని అడిగితే ఐదు నిమిషాలు చెప్పింది. నీలిమ రెండు మీట్లు తప్పింది, మూడోది కూడా తప్పింది. తన జన్మలో ఇన్ని తప్పులు ఇంత సంతోషంగా చేసింది లేదు.

చివర్న అందరూ కోట్లు తొడుక్కుంటుంటే గ్లిన్ అడిగాడు. "మీ అమ్మాయి నాతో మాట్లాడిన భాష ఏంటి?"

"తెలుగు." కాస్త ఆగి చెప్పింది. "ఇంట్లో మానేశాం. పిల్ల ఇంగ్లీషు కోసం."

గ్లిన్ మనవరాలి బొత్తాలు పెడుతూ అన్నాడు. "మా అమ్మకి ఇక్కడి భాష, వెల్ష్, వచ్చు. నాతో మాట్లాడలేదు. వీడు పైకి రావాలి, ఇంగ్లీషు చాలు అనుకుంది. పైకే వచ్చాన్లెండి, ముప్పయ్యేళ్ళు బస్సు డ్రైవర్ని, ఆ సీటు ఎత్తులోనే ఉంటుంది." చివరి బొత్తం పెట్టాడు. "పోయేముందు వారం రోజులూ ఆవిడ వెల్షే మాట్లాడింది. ఇంగ్లీషు మర్చిపోయింది. నేను పక్కన కూర్చుని తలూపాను."

ఇంటికొచ్చేటప్పుడు బస్సులో నీలిమ మొదట ఏడు చేపల కథ చెప్పింది. సిరి మధ్యలో ఆపి పద్నాలుగు ప్రశ్నలు అడిగింది. ఆ తాతకి తెలుగెందుకు రాదు, వాళ్ళమ్మ నేర్పలేదా, ఆకుపచ్చ జుట్టు తలంటితే పోతుందా, డ్రాగన్ వీపు మీద గీరితే దానికి నొప్పి పుట్టదా. నీలిమ అన్నిటికీ జవాబు చెప్పింది. తెలియనివాటికి కల్పించి చెప్పింది.

తలుపు తీసిన క్రాంతి పిల్ల ఒంటి వైపు చూశాడు. "కోటేదీ?"

"నాన్నా, అది కోటు కాదు, కోతి కాదు, కోతో. డ్రాగన్‌కి తీగలుంటాయి, అమ్మొక్కతే కరెక్టుగా వాయించింది, మిగతా అందరూ తప్పు..."

"ఇంగ్లీష్, సిరీ, ఇంగ్లీష్" అన్నాడు అలవాటుగా.

"తెలుగులోనే చెప్పనివ్వండి" అంది నీలిమ చెప్పులు విప్పుతూ. గొంతు పెంచలేదు. "ఇంగ్లీషు దానికి వచ్చు. నేనిప్పుడే విన్నాను. తెలుగు ఆపితే వచ్చింది ఇంగ్లీషు కాదు, నోరే ఆగిపోయింది."

"మరి గురువారం ఆవిడేమంటుందో?"

"నేను మాట్లాడతా."

క్రాంతి పిల్లనీ తల్లినీ మార్చి మార్చి చూసి, "సరే, తీగలు ఎన్ని?" అని తెలుగులోనే అడిగి నేల మీద కూర్చున్నాడు. అన్నం తినేదాకా ఆ జవాబు అవలేదు.

గురువారం నర్సరీలో మిస్ బెథన్ ఎదురుగా పిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుంది నీలిమ. చెప్పదలుచుకున్నది రాత్రే కాగితం మీద తెలుగు అక్షరాలతో ఇంగ్లీషు రాసుకుంది. విప్పబోతుంటే బెథన్ చెయ్యెత్తి ఆపింది.

"ముందు మీరు నాకొకటి చెప్పాలి. మంగళవారం నించి సిరి మాట్లాడుతోంది. కొంచెం ఇంగ్లీషు, ఎక్కువ మీ భాష. మాకు అర్థం కావడం లేదు గాని పిల్లలకేమో అర్థమవుతున్నట్టుంది. మీరు రేపటి నించి ఒక అరగంట వచ్చి మాకు కాసిని మాటలు చెప్పగలరా?"

నీలిమ కాగితం మడిచి పర్సులో పెట్టేసుకుంది. "చెప్తాను. ఏ మాటలు?"

"అన్నిటికన్నా ముందు ఒకటి. ఆ తివాచీ దగ్గర చూడండి."

తివాచీ మీద ఇరవైమంది పిల్లలు కథ వినడానికి కూర్చుంటున్నారు. మధ్యలో సిరి, అటుపక్క ఎర్రజుట్టు పిల్లాణ్ణి మోచేత్తో నెడుతూ, "జరుగు" అంది. వాడు పక్కవాణ్ణి నెట్టి "జారుగూ" అన్నాడు. వాడు ఆ పక్క పిల్లని నెట్టాడు. జారుగూ, జరగూ, జాగురూ అంటూ ఆ మాట తివాచీ చివరిదాకా వెళ్ళి, చివరి పిల్ల గోడకి ఆనుకున్నాక, అటునించి మళ్ళీ ఇటు రావడం మొదలుపెట్టింది.

"దాని అర్థమేంటి?" అని అడిగింది బెథన్. "మాకిది బూతేమోనని రెండు రోజులుగా బెంగగా ఉంది."